కాలేయంలో కొవ్వు.. అందరికీ ఒకే కొలత చెల్లదు
* స్కానింగ్ నివేదికలోని ‘గ్రేడ్’ ఒక పోలిక మాత్రమే
* సన్నగా ఉన్నవారిలోనూ పొంచి ఉన్న ముప్పు
* మూత్రపిండ వ్యాధి ఉంటే మారిపోయే లెక్క

చీపురుపల్లి: కడుపు నొప్పనో, అజీర్తి అనో స్కానింగ్ చేయించుకున్నవారి చేతికి వచ్చే నివేదికలో ఇటీవలి కాలంలో తరచుగా కనిపిస్తున్న మాట ‘గ్రేడ్-1 ఫ్యాటీ లివర్’. కాలేయంలో కొవ్వు చేరిందని దీని భావం. ఈ మాట చదివి కొందరు భయపడి మందుల దుకాణాలకు పరుగులు తీస్తుంటే, మరికొందరు ‘అందరికీ ఉండేదే’ అని కాగితాన్ని మడిచి పక్కన పెడుతున్నారు. రెండూ సరికాదు. అల్ట్రాసౌండ్ యంత్రం కొవ్వును తూకం వేసి చెప్పదు. శరీరంలోని ఒక అవయవాన్ని మరో అవయవంతో పోల్చి చూపుతుంది. ఆ పోలిక మనిషిని బట్టి, ప్రాంతాన్ని బట్టి, జీవన విధానాన్ని బట్టి మారుతుంది. చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వంటి మండలాల్లో పొలం పనులు చేసుకునే సన్నని మనిషికీ, హైదరాబాదులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగికీ నివేదికలో ఒకే మాట రావచ్చు. కానీ ఆ మాటకు గల అర్థం ఇద్దరి విషయంలోనూ ఒకటి కాదు.

తెలుపు నలుపుల లెక్క

మనిషి చెవికి వినిపించే ధ్వని సెకనుకు 20 వేల కంపనాలకు మించదు. కడుపు స్కానింగ్‌కు వాడే ధ్వని తరంగాలు సెకనుకు సుమారు 20 లక్షల నుంచి 50 లక్షల సార్లు కంపిస్తాయి. చర్మంపై జెల్ రాసి, చేతిలో ఇమిడే పరికరాన్ని ఆనించినప్పుడు ఈ తరంగాలు లోపలికి వెళ్లి, అవయవాలను తాకి, ప్రతిధ్వనులుగా తిరిగి వస్తాయి. బలంగా తిరిగి వచ్చిన ప్రతిధ్వని తెరపై తెల్లగాను, బలహీనమైనది నల్లగాను కనిపిస్తుంది. ఇందులో ఎక్స్‌రే వంటి రేడియేషన్ ఉండదు. కనుకనే గర్భిణులకు సైతం ఈ పరీక్ష చేస్తారు.

ఆరోగ్యవంతమైన కాలేయం తెరపై బూడిద రంగులో, పక్కనే ఉన్న కుడి మూత్రపిండపు పైపొరతో దాదాపు సమానంగా లేదా కాస్త ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. కాలేయ కణాల్లో సూక్ష్మమైన కొవ్వు బిందువులు చేరినప్పుడు తరంగాలు వాటిని తాకి నలుదిక్కులకూ చెదిరిపోతాయి. దానితో కాలేయం మరింత తెల్లగా మెరుస్తుంది. అదే సమయంలో తరంగాల శక్తి పైభాగంలోనే తరిగిపోవడం వలన లోతున ఉన్న భాగం మసకబారుతుంది. పైన మెరుపు, అడుగున మసక.. ఈ రెండు లక్షణాలే కొవ్వుకు ఆనవాళ్లు.

వీటి ఆధారంగానే వైద్యులు మూడు మెట్లుగా విభజిస్తారు. మూత్రపిండం కంటే కాలేయం కొద్దిగా తెల్లగా ఉండి, లోపలి రక్తనాళాల గోడలు స్పష్టంగా కనిపిస్తే మొదటి గ్రేడ్. రక్తనాళాల గోడలు మసకబారితే రెండో గ్రేడ్. రక్తనాళాలు, కాలేయం వెనుక భాగం, ఛాతీకి పొట్టకు మధ్యనుండే కండరపు పొర సరిగా కనిపించకుంటే మూడో గ్రేడ్. ఇదంతా చూసేవారి కంటికి, అనుభవానికి సంబంధించిన అంచనా. యంత్రంలోని వెలుగు అమరికను కాస్త పెంచినా తెలుపు పెరుగుతుంది. ఒకే వ్యక్తికి ఒకచోట మొదటి గ్రేడ్, మరోచోట రెండో గ్రేడ్ అని రావడానికి ఇది ఒక కారణం.

ఎంతవరకు నమ్మవచ్చు?

కాలేయం నుంచి సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరిశీలించే పద్ధతిని బయాప్సీ అంటారు. అందులో నూటికి 5 కణాలకు మించి కొవ్వు కనిపిస్తే దానిని ఫ్యాటీ లివర్‌గా పరిగణిస్తారు. అయితే సాధారణ అల్ట్రాసౌండ్‌కు ఇంత స్వల్ప కొవ్వు చిక్కదు. కొవ్వు సుమారు 20 నుంచి 30 శాతానికి చేరిన తర్వాతనే నమ్మకంగా పట్టుకోగలుగుతుంది. 49 అధ్యయనాలను, వాటిలోని 4,720 మందిని కలిపి 2011లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం.. మధ్యస్థం లేదా అంతకు మించి కొవ్వు గల నూరు మందిలో సుమారు 85 మందిని ఈ పరీక్ష గుర్తించింది. అంత కొవ్వు లేని నూరు మందిలో సుమారు 94 మందిని లేదని సరిగా చెప్పింది.

ఈ అంకెలు చూడడానికి బాగానే ఉన్నాయి. కానీ పరీక్ష ఎవరికి చేస్తున్నారన్న దానిని బట్టి వాటి విలువ మారిపోతుంది. ఉదాహరణకు మధ్యస్థ స్థాయి కొవ్వు నూటికి పది మందికే ఉన్న ఒక ఊరిలో వెయ్యి మందికి పరీక్ష చేశారనుకుందాం. నిజంగా కొవ్వున్న వంద మందిలో 85 మంది బయటపడతారు. లేని 900 మందిలో సుమారు 58 మందికి కూడా ‘ఉంది’ అని వస్తుంది. అంటే ‘ఉంది’ అని చెప్పిన 143 మందిలో ప్రతి పదుగురికీ నలుగురు ఆ స్థాయి కొవ్వు లేనివారే. వీరిలో కొందరికి స్వల్ప కొవ్వు ఉండవచ్చు. ఇదే పరీక్షను సగం మందికి కొవ్వున్న మధుమేహ రోగుల బృందానికి చేస్తే వెయ్యి మందిలో 456 మందికి ‘ఉంది’ అని వస్తుంది. వారిలో పొరపాటు సుమారు 32 మంది విషయంలోనే. యంత్రం అదే, వైద్యుడు అదే. మారినది పరీక్షకు వచ్చిన జనం మాత్రమే.

ఉద్దానం చెప్పే పాఠం

కాలేయపు తెల్లదనాన్ని కొలవడానికి మూత్రపిండమే కొలబద్ద. మరి ఆ కొలబద్దే దెబ్బతింటే? ఈ ప్రశ్నకు జవాబు ఉత్తరాంధ్ర వాసులకు దూరంలో లేదు. పొరుగున ఉన్న శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పరిధిలోని ఉద్దానం ప్రాంతం దశాబ్దాలుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధితో సతమతమవుతోంది. ఇందుకు కారణం ఇదమిత్థమని ఇప్పటికీ తేలలేదు. బాధితుల కోసం పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

దీర్ఘకాలిక వ్యాధిలో మూత్రపిండం కుంచించుకుపోయి, దాని పైపొర తెరపై మామూలు కంటే తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు కొవ్వుతో తెల్లబడిన కాలేయాన్ని దానితో పోల్చితే రెండూ సమానంగా కనిపించి, ‘కాలేయం సాధారణం’ అన్న నివేదిక వచ్చే ప్రమాదం ఉంది. తూకపు రాయి బరువెక్కితే సరకు తేలికగా కనిపించినట్లే ఇది. అందువలన మూత్రపిండ సమస్య గలవారికి కాలేయాన్ని మూత్రపిండంతో గాక ప్లీహంతో పోల్చి చూడడం, రక్తనాళాల స్పష్టతను, లోతున మసకను విడిగా పరిశీలించడం మేలు. పరీక్షకు వెళ్లేవారు తమకు మూత్రపిండ వ్యాధి ఉన్నదీ లేనిదీ ముందుగానే చెప్పవలసిన అవసరం ఇక్కడే ఉంది.

దీనికి తలకిందులైన పొరపాటు కూడా జరుగుతుంది. కాలేయంలో పీచు వంటి గట్టి కణజాలం పేరుకుపోయినా తెరపై తెలుపు పెరుగుతుంది. కొవ్వు, పీచు రెండూ ఒకేలా మెరవడం వలన కంటితో విడదీయడం కష్టం. ముదిరిన సిరోసిస్‌లో కొవ్వు కరిగిపోయి, పీచు మాత్రమే మిగిలే సందర్భాలూ ఉన్నాయి. ‘కొవ్వు తగ్గింది’ అన్నంత మాత్రాన కాలేయం బాగుపడిందని అనుకోరాదని వైద్యులు హెచ్చరించేది ఇందుకే.

సన్ననివారికీ మినహాయింపు లేదు

‘లావుగా ఉన్నవారి జబ్బు’ అన్న ముద్ర ఫ్యాటీ లివర్‌పై బలంగా ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా గ్రామాల్లో 1,911 మందిని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ అపోహను తొలగించింది. పేదరికం, శారీరక శ్రమ ఎక్కువగా గల ఆ గ్రామీణుల్లో 8.7 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. వారిలో నాలుగింట మూడు వంతుల మంది శరీర ద్రవ్యరాశి సూచీ 25 కంటే తక్కువే. అధిక బరువు గానీ, పొట్ట గానీ లేనివారు 54 శాతం. ఒక్క అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టక సీటీ స్కాన్‌తో కూడా నిర్ధారించిన అధ్యయనమిది. వరి అన్నం ప్రధానాహారంగా, పొలం పని జీవనాధారంగా ఉన్న ఉత్తరాంధ్ర పల్లెలకు దగ్గరగా కనిపించే చిత్రం కూడా ఇదే.

ఇందుకు కారణం శరీర నిర్మాణంలో ఉంది. భారతీయుల్లో కొవ్వు చర్మం కింద కంటే పొట్ట లోపల, కాలేయంలో త్వరగా చేరుతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో.. సన్నగా, ఆరోగ్యంగా ఉన్న భారత సంతతి పురుషుల కాలేయంలో ఐరోపా సంతతి పురుషుల కంటే దాదాపు రెట్టింపు కొవ్వు కనిపించింది. ఇన్సులిన్ సరిగా పనిచేయని స్థితి కూడా వారిలో అధికంగా ఉంది. ఈ కారణంగానే మన దేశంలో అధిక బరువుకు హద్దును 25 వద్ద గాక 23 వద్దనే గీశారు. 160 సెంటీమీటర్ల ఎత్తు గల వ్యక్తి 60 కిలోలు ఉంటే సూచీ 23.4 అవుతుంది. చూడడానికి సన్నగానే కనిపించినా హద్దు దాటినట్లే. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

ఊరు మారితే అంకె మారుతుంది

ఈ వ్యాధిపై పత్రికల్లో వచ్చే శాతాలు ఒకదానికొకటి పొంతన లేనట్లు కనిపిస్తాయి. బీర్భూమ్‌లో 8.7 శాతం. చెన్నై నగరంలో 541 మందిని అల్ట్రాసౌండ్‌తో పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 32 శాతం. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులపై జరిగి 2025లో వెలువడిన అధ్యయనంలో ఏకంగా 84 శాతం. అప్పటివరకు దేశంలో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2022లో ప్రచురించిన విశ్లేషణలో పెద్దలకు సంబంధించి తేలిన సగటు 38.6 శాతం.

ఈ అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. ఏదీ అందరికీ వర్తించదు కూడా. చెన్నై అధ్యయనాన్నే విడదీసి చూస్తే విషయం బోధపడుతుంది. రక్తంలో చక్కెర సాధారణంగా ఉన్నవారిలో 22.5 శాతానికి, మధుమేహానికి ముందు దశలో ఉన్నవారిలో 33 శాతానికి, మధుమేహ రోగుల్లో 54.5 శాతానికి కాలేయంలో కొవ్వు కనిపించింది. ఒకే నగరంలో, ఒకే పద్ధతిలో పరీక్షించినా చక్కెర స్థాయిని బట్టి అంకె రెట్టింపును దాటింది. హైదరాబాదు అధ్యయనంలో పాల్గొన్న ఉద్యోగుల్లో 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కదలకుండా కూర్చునే పని, వేళ తప్పిన భోజనం, నిద్రలేమి గల ఒక వర్గపు చిత్రమది. దానిని యథాతథంగా తెచ్చి చీపురుపల్లి రైతుకో, గోగునార కార్మికునికో అంటగట్టడం సరికాదు. బీర్భూమ్ అంకెను చూసి, మన ప్రాంతపు యువకులు హైదరాబాదు, విశాఖపట్నం వలస వెళ్లాక కూడా క్షేమంగా ఉంటారని భావించడమూ అంతే పొరపాటు.

జన్యువుల పాత్రనూ విస్మరించలేము. అమెరికాలోని డల్లాస్ నగరంలో రెండు వేలకు పైగా ప్రజలను ఎంఆర్‌ఐ ఆధారిత పద్ధతితో పరీక్షించగా లాటిన్ అమెరికా సంతతి వారిలో 45 శాతానికి, శ్వేతజాతీయుల్లో 33 శాతానికి, నల్లజాతీయుల్లో 24 శాతానికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్లు 2004లో తేలింది. ఈ తేడాకు కొంత కారణం పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులోని ఒక మార్పు అని 2008లో అదే అధ్యయనం ద్వారా వెల్లడైంది. అంటే వేర్వేరు జనాభాల మధ్య తేడా రెండు విధాలు. ఒకటి కొవ్వులోనే ఉన్న నిజమైన తేడా. రెండోది కొలతలో వచ్చే తేడా. ఈ రెండింటినీ వేరు చేయగలిగినప్పుడే శాతాలను పోల్చడానికి వీలుంటుంది.

అంకె చూపే యంత్రం

కంటి అంచనాకు బదులు అంకె చెప్పే యంత్రాలు కూడా ఇప్పుడు నగరాల్లో అందుబాటులో ఉన్నాయి. వీటిలో ప్రసిద్ధమైనది ఫైబ్రోస్కాన్. ఫ్రాన్సులో రూపొందిన ఈ యంత్రం బొమ్మ చూపదు. ధ్వని తరంగం కాలేయం గుండా ప్రయాణించేటప్పుడు ఎంత శక్తి కోల్పోయిందో లెక్కగట్టి, 100 నుంచి 400 మధ్య ఒక అంకెగా చెబుతుంది. దీనిని ‘క్యాప్’ విలువ అంటారు. కొవ్వు పెరిగే కొద్దీ అంకె పెరుగుతుంది.

అయితే ఎంత దాటితే జబ్బు అన్న హద్దు విషయంలో ఏకాభిప్రాయం లేదు. 19 అధ్యయనాల్లోని 2,735 మంది వివరాలను క్రోడీకరించి 2017లో ప్రచురించిన విశ్లేషణ 248 దాటితే కొవ్వు ఉన్నట్లని పేర్కొంది. కాలేయ వ్యాధులపై పనిచేసే ఐరోపా వైద్యుల సంఘం 275ను హద్దుగా సూచించింది. విలువ 260 వచ్చిన వ్యక్తి మొదటి లెక్కన రోగి, రెండో లెక్కన ఆరోగ్యవంతుడు. ఒక సర్వే మొదటి హద్దును, మరో సర్వే రెండో హద్దును పాటిస్తే రెండు ఊళ్ల శాతాలను పక్కపక్కన పెట్టడమే తప్పవుతుంది.

మరో చిక్కు కూడా ఉంది. లావుపాటి శరీరంలో చర్మం కింది కొవ్వు సైతం తరంగాలను బలహీనపరుస్తుంది. అందుకే శరీర ద్రవ్యరాశి సూచీ 25 కంటే పెరిగే ప్రతి అంకెకు 4.4 తగ్గించాలని, 25 కంటే తగ్గే ప్రతి అంకెకు 4.4 కలపాలని 2017 నాటి విశ్లేషణ ప్రతిపాదించింది. 20 నుంచి 30 వరకు గల సూచీకే ఈ సవరణ వర్తిస్తుంది. ఒకరి సూచీ 21, మరొకరిది 29 అనుకుందాం. ఇద్దరికీ యంత్రం 260 అనే చెప్పింది. సవరించాక సన్నని వ్యక్తి విలువ 277.6 అవుతుంది. లావుపాటి వ్యక్తి విలువ 242.4కు దిగుతుంది. ఒకరు 248 హద్దుకు పైన, మరొకరు కింద. మధుమేహం ఉన్నవారికి మరో 10 తగ్గించాలని కూడా ఆ విశ్లేషణ సూచించింది. ఇది పరిశోధకులు వాడే సవరణే తప్ప, రోగులు ఇంటి వద్ద వేసుకునే లెక్క కాదు. కానీ ఒకే అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. లావుపాటి వారి కోసం ఈ యంత్రానికి వేరుగా ఒక పరికరం కూడా ఉంది. అది వాడారా లేదా అన్నది నివేదికలో చూసుకోవాలి.

అసలు ప్రశ్న కొవ్వు ఎంత అని కాదు

కాలేయంలో కొవ్వు చేరిన వారందరికీ సిరోసిస్ రాదు. చాలామందిలో అది ఏళ్ల తరబడి కొవ్వుగానే ఉండిపోతుంది. కొందరిలో మాత్రం వాపుగా మారి, ఆ తర్వాత పీచు పేరుకుని, కాలేయం గట్టిపడుతుంది. ప్రాణాల మీదకు తెచ్చేది ఈ గట్టిదనమే. కనుక స్కానింగ్‌లో కొవ్వు కనిపించిన తర్వాత అడగవలసిన ప్రశ్న ‘ఏ గ్రేడు’ అని కాదు, ‘గట్టిపడడం మొదలైందా’ అని.

దీనిని తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు తప్పనిసరి కాదు. సాధారణ రక్తపరీక్షల్లోని మూడు అంకెలు, వయసు తెలిస్తే చాలు. వయసును ఎస్‌జీఓటీ విలువతో గుణించాలి. వచ్చిన దానిని, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. ఇక్కడ ప్లేట్‌లెట్లు 2 లక్షలు ఉంటే 200గా తీసుకోవాలి. దీనిని ఫిబ్-4 సూచీ అంటారు. ఉదాహరణకు 50 ఏళ్ల వ్యక్తికి ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 2 లక్షలు ఉంటే.. 50ని 40తో గుణించగా 2,000. ఎస్‌జీపీటీ 36కు వర్గమూలం 6. దానిని 200తో గుణించగా 1,200. భాగించగా సూచీ 1.67 వస్తుంది.

ఈ సూచీ 1.3 కంటే తక్కువైతే గట్టిదనం ముదిరి ఉండే అవకాశం చాలా తక్కువ. 2.67 దాటితే నిపుణుని వద్దకు వెళ్లాలి. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ వంటి పరీక్షతో గట్టిదనాన్ని కొలవాలి. అందులో విలువ 8 కిలోపాస్కల్ కంటే తక్కువ ఉంటే సాధారణంగా ఆందోళన అక్కరలేదు. పై ఉదాహరణలోని వ్యక్తి ఈ మధ్య వర్గానికి చెందుతారు. 65 ఏళ్లు దాటినవారికి తొలి హద్దు 2.0. వయసు 35 లోపు వారిలో ఈ సూచీ అంతగా నమ్మదగినది కాదు. అంటే ఇక్కడ కూడా అందరికీ ఒకే కొలత చెల్లదు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021 ఫిబ్రవరిలో ఫ్యాటీ లివర్‌ను మధుమేహం, రక్తపోటు, క్యాన్సర్ల జాతీయ నియంత్రణ కార్యక్రమంలో చేర్చింది. 2024 సెప్టెంబరులో సవరించిన మార్గదర్శకాలను విడుదల చేసింది. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి 30 ఏళ్లు దాటినవారి నడుము చుట్టుకొలత, అలవాట్లు, కుటుంబ చరిత్ర నమోదు చేసే పత్రమే దీనికి తొలి మెట్టు. ఊరందరికీ స్కానింగ్ చేయడం కంటే, ముప్పున్నవారిని ముందుగా గుర్తించి వారికే పరీక్ష చేయడం మేలన్నది దీని సారాంశం. పైన చెప్పిన వెయ్యి మంది లెక్క కూడా ఇదే చెబుతోంది.

ఊరూరా తిరిగి స్కానింగ్ చేయడానికి మరో అడ్డంకి కూడా ఉంది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రం, కేంద్రం నమోదు కావాలి. చేతిలో పట్టుకుపోయే యంత్రాల వినియోగంపై 2012లో నిబంధనలను మరింత కట్టుదిట్టం చేశారు. ఆడపిల్లల రక్షణకు అవసరమైన నిబంధనలివి. కనుక గ్రామాల్లో కాలేయ పరీక్షల శిబిరం పెట్టదలచినవారు ముందుగా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అనుమతులు చూసుకోవలసి ఉంటుంది.

మద్యం సంగతి దాచరాదు

మద్యం వలన చేరిన కొవ్వూ, తిండి వలన చేరిన కొవ్వూ తెరపై ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. వాటిని విడదీయగలిగేది యంత్రం కాదు, రోగి చెప్పే నిజం. సారా, కల్లు, బీరు.. ఏదైనా, ఎంతైనా వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పాలి. కొవ్వుకు మద్యం కూడా తోడైతే కాలేయం గట్టిపడే వేగం పెరుగుతుంది. వ్యాధికి గతంలో ఉన్న ‘మద్యంతో సంబంధం లేని ఫ్యాటీ లివర్’ అన్న పేరును 2023లో అంతర్జాతీయ నిపుణులు మార్చారు. జీవక్రియ లోపాలతో ముడిపడిన ఫ్యాటీ లివర్ అన్నది కొత్త పేరు సారాంశం. ఆంగ్ల అక్షరాల సంక్షిప్త రూపంలో ‘మాస్‌ఎల్‌డీ’ అంటారు. పాత నివేదికల్లో ‘నాఫ్‌ఎల్‌డీ’ అని, కొత్త వాటిలో ఈ పేరు కనిపిస్తే రెండూ దాదాపు ఒకటేనని గ్రహించాలి.

మందు కంటే ముందు నడక

కాలేయంలో చేరిన కొవ్వు కరిగే స్వభావం గలదే. శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు ఉపశమిస్తుంది. 10 శాతం దాటితే పీచు కూడా తగ్గే అవకాశం ఉంది. 70 కిలోల వ్యక్తికి ఇవి వరుసగా మూడున్నర, అయిదు నుంచి ఏడు, ఏడు కిలోలకు పైబడి అన్నమాట. సన్నగా ఉన్నవారు బరువులో 3 నుంచి 5 శాతం తగ్గినా ప్రయోజనం కనిపిస్తుంది. తీపి పానీయాలు, బేకరీ తినుబండారాలు, వేపుళ్లు తగ్గించడం, పళ్లెంలో అన్నం పాలు తగ్గించి పప్పు, కూరగాయలు, చోళ్ల వంటి ధాన్యాలకు చోటివ్వడం, రోజూ అరగంటకు తగ్గకుండా వేగంగా నడవడం ఇందుకు మార్గాలు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు వాటిని అదుపులో ఉంచుకోవడమే కాలేయానికి సగం వైద్యం.

మందుల విషయంలో తొందర పనికిరాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌ను, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌ను ఈ వ్యాధికి అనుమతించింది. అయితే అవి వాపుతో పాటు పీచు ఒక మోస్తరు నుంచి ఎక్కువ స్థాయికి చేరిన, సిరోసిస్ రాని వారికే. గ్రేడ్-1 అన్న కాగితం పట్టుకుని దుకాణంలో అడిగి కొనుక్కునేవి కావు. కాలేయాన్ని శుభ్రపరుస్తాయంటూ అమ్మే పొడులు, కషాయాలు కొన్ని కాలేయానికే హాని చేసిన సందర్భాలున్నాయి.

చీపురుపల్లి పరిసరాల వారికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని విజయనగరంలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దారిలోనే నెల్లిమర్ల వద్ద మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. పైన చెప్పిన రక్తపరీక్షలను ముందుగా దగ్గరలోనే చేయించుకుని, ఆ అంకెలతో వెళితే ప్రయాణం వృథా కాదు.

పరీక్షకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసినవి

* కడుపు స్కానింగ్‌కు ముందు 6 నుంచి 8 గంటలు, ఫైబ్రోస్కాన్‌కు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినరాదు. మధుమేహానికి మందులు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ఈ విషయాన్ని ముందుగా వైద్యునితో మాట్లాడాలి.
* మూత్రపిండ వ్యాధి, మధుమేహం, మద్యం అలవాటు, వాడుతున్న మందుల వివరాలు పరీక్షకు ముందే చెప్పాలి.
* పాత నివేదికలను వెంట తీసుకెళ్లాలి. మార్పును పోల్చదలచినప్పుడు వీలైనంత వరకు అదే కేంద్రంలో, అదే రకం యంత్రంపై చేయించుకోవాలి.
* మొదటి గ్రేడ్ అని వస్తే భయపడనక్కరలేదు, ఉపేక్షించనూ రాదు. చక్కెర, కొవ్వులు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల పరీక్షలు చేయించుకోవాలి.
* ‘సాధారణం’ అని వచ్చినా మధుమేహం ఉన్నవారు, నడుము కొలత హద్దు దాటినవారు నిశ్చింతగా ఉండరాదు. స్వల్ప కొవ్వు ఈ పరీక్షకు చిక్కదు.
* కాళ్ల వాపు, పొట్ట ఉబ్బడం, కళ్లు పచ్చబడడం, రక్తపు వాంతులు వంటి లక్షణాలు కనిపిస్తే గ్రేడుతో నిమిత్తం లేకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.